ముట్టుకుంటే షాక్ కొడుతదన్నారు

(వాడ ముచ్చట్లు – 17)

పోయిన ఆదివారం ఇక్కడ ఒక ఫొటో పెట్టాను. టేబుల్ మీద నల్ల కేబినెట్, పక్కన మానిటర్, వెనక గోడకు బాబాసాహెబ్. "మన ఎడిటింగ్ సిస్టమ్ రెడీ. ఇక మన వీడియోలు మనమే చేసుకుందాం" అని రాశాను. చాలామంది జై భీమ్ అన్నారు. కొందరు విద్యార్థులు ఏ పార్టులు వేశారు, ఎంతయింది అని అడిగారు. రాత్రి పదకొండింటికి మా కాలేజీ డిగ్రీ సెకండియర్ పిల్లవాడొకడు ఇన్‌బాక్సులోకి వచ్చి, "మేడమ్, అద్దంలోంచి కనిపిస్తున్న ఆ కార్డు గేమింగ్‌ది కదా?" అన్నాడు. పక్కన ఒక నవ్వు బొమ్మ.

దొరికిపోయాను.

నిజం చెప్తున్నా. ఆ మెషీన్‌ని 2024 మే నెలలో కట్టుకున్నాను. ఫొటో పెట్టడానికే ఇన్ని నెలలు పట్టింది. సగం ఎడిటింగ్ కోసం కొన్నాను, సగం ఆడుకోవడం కోసం. ఆడేది మా అన్న కొడుకు ఒక్కడే కాదు, నేను కూడా. ముప్పై ఆరేళ్లు దాటినదాన్ని, తెలుగులో డాక్టరేట్ ఉన్న లెక్చరర్ని, సంఘంలో తిరిగే మనిషిని. వీడియో గేములు ఆడతాను అని రాయడానికి చెయ్యి రాలేదు. "ఎడిటింగ్ సిస్టమ్" అంటే మర్యాదగా ఉంటుంది. మనవాళ్లు ఏ వస్తువు కొన్నా దానికో సంజాయిషీ ఉండాలి. సైకిల్ కొంటే కాలేజీకి పోవడానికి. ఫోన్ కొంటే ఆన్‌లైన్ క్లాసులకి. ల్యాప్‌టాప్ కొంటే థీసిస్ టైపు చేసుకోవడానికి. నేను హాస్టల్లో ఉన్నప్పుడు మా రూములో పిల్ల స్కాలర్‌షిప్ పైసలతో చిన్న స్పీకర్లు కొనుక్కుంటే, "సర్కారు వీళ్లకు పైసలిచ్చేది ఇందుకా" అన్న మాట పక్క రూములోంచి వినిపించింది. అన్నది మాతో కలిసి తిన్న పిల్లే. అప్పటి నుంచి ఏది కొన్నా బిల్లుతో పాటు కారణాన్ని కూడా బ్యాగులో పెట్టుకుని తిరగడం నాకు అలవాటైంది.

అడిగారు కాబట్టి ఈ వారం పార్టుల లెక్క చెప్తాను, కారణాల లెక్క కూడా చెప్తాను.

ముందు ఎడిటింగ్ సంగతి. నా పీహెచ్‌డీ జాంబ పురాణం మౌఖిక పాఠాల మీద. చిందు కళాకారులు, డక్కలి కథకులు చెప్పేది రికార్డు చేసుకుంటూ ఆరేళ్లు ఊళ్లు తిరిగాను. పట్టా వచ్చాక కూడా ఆపలేదు. నాటు పాటలు, డప్పు దరువులు, వెట్టి చేసిన ముసలివాళ్ల ముచ్చట్లు, అన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో పడి ఉన్నాయి. అందులో మా పెద్దవ్వ మాట్లాడింది గంటా నలభై నిమిషాలు. పెద్దవ్వ అంటే మా నాయినమ్మకు అక్క. ఆమె ఇప్పుడు లేదు.

మూడేళ్ల కింద ఆ రికార్డింగు మా టౌన్లో పెళ్లి వీడియోలు చేసే ఒక స్టూడియోలో ఇచ్చాను. ఒక సభలో చూపించడానికి పన్నెండు నిమిషాలకు కుదించి ఇమ్మన్నాను. ఇచ్చాడు. చూస్తే పెద్దవ్వ తెల్లగా ఉంది. పెళ్లికూతురికి పూసినట్టు పూశాడు. వెనక ఫ్లూట్ పెట్టాడు. ఆమె మాట్లాడుతూ ఆగిన చోటల్లా కత్తిరించాడు. పసిబిడ్డ గట్టు మీద ఏడుస్తుంటే పాలివ్వడానికి మడిలోంచి ఎక్కనియ్యని రోజు గురించి చెప్పి, ఆమె పదకొండు సెకన్లు ఊరుకుంటుంది. నేను థీసిస్ కోసం రాసుకున్నప్పుడు గడియారం చూసి లెక్కపెట్టాను కాబట్టి తెలుసు. ఆ పదకొండు సెకన్లు లేవు. అడిగితే, "గ్యాప్ వచ్చింది మేడమ్, తీసేసిన. ఫేస్ కూడా డార్క్ పడ్డది, సరిచేసిన" అన్నాడు. మంచి పిల్లవాడే. పని చక్కగా చేశాననే అనుకున్నాడు. పైసలు కూడా తక్కువే తీసుకున్నాడు. అతనికి నేర్పిన పనిలో ముఖం అంటే అట్లనే ఉండాలి.

ఇది అతనితో మొదలైంది కాదు. ఫిల్మ్ రోజుల్లో కొడాక్ వాళ్లు ఫొటో ల్యాబులకు ఒక తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉన్న కార్డు ఇచ్చేవాళ్లు. షర్లీ కార్డు అనేవాళ్లు దాన్ని. ఆ అమ్మాయి ఛాయ సరిగ్గా వస్తే మెషీన్ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లపిల్లలు తెల్లపిల్లల పక్కన కూర్చుని దిగిన ఫొటోల్లో నల్లపిల్లల ముఖాలు ముద్దయిపోయేవి. ఫర్నిచర్ కంపెనీలూ చాక్లెట్ కంపెనీలూ తమ సరుకు ముదురు రంగు సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేశాక గానీ ఫిల్మ్ బాగుపడలేదని చెప్తారు. మనుషుల ఫిర్యాదు కన్నా బీరువాల ఫిర్యాదు ముందు అందిందన్నమాట.

మీటింగుల్లో మనం ఒక మాట తరచూ చెప్తాం. మూక్‌నాయక్ 1920 జనవరి 31న వచ్చింది, పైసలు తీసుకుని దాని ప్రకటన వేయమన్నా కేసరి పత్రిక వేయలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టారు. మన పత్రిక మనకుండాలి అని వందేళ్లుగా అంటున్నాం, నేను కూడా మైకు పట్టుకుని అన్నాను. అదే నేను పెద్దవ్వను తీసుకుపోయి కత్తెర ఇంకొకరి చేతికిచ్చి, ఆదివారం వచ్చి తీసుకుంటా అని చెప్పి వచ్చాను.

ఇక రెండో సగం.

1998లో నాకు పదేళ్లు. మా ఊరి పటేళ్ల ఇంట్లో టీవీకి పెట్టే వీడియో గేమ్ వచ్చింది. క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉండేది. లోపల నాలుగైదు ఆటలే పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. మేరియో, కాంట్రా, తుపాకీతో బాతుల్ని కొట్టేది. వాళ్ల అబ్బాయిది నా క్లాసే. అమ్మ వాళ్ల దొడ్లో పని చేస్తుంటే నేను కిటికీ బయట నిలబడి చూసేదాన్ని. అక్కడి నుంచి టీవీ మొత్తం కనిపించదు. ఎడమ పక్క గోడకు పోతుంది, కుడి పక్క ముప్పాతిక కనిపిస్తుంది. కాంట్రాలో మనిషి ఎడమ నుంచి కుడికి ఉరుకుతాడు కాబట్టి, ఉరికేవాడి కన్నా ముందు నాకు ఎదురొచ్చేవాళ్లే కనిపించేవాళ్లు. "పైన ఒకడున్నడు, దుంకు!" అని అరిచేదాన్ని. వాడు దుంకేవాడు. ఆ ఎండాకాలం సెలవుల్లో నేను వాడికి చాలా పనికొచ్చాను.

ఒకరోజు వాడే కిటికీ ఊచల్లోంచి రిమోటు నాకు ఇవ్వబోయాడు. వైరు అక్కడిదాకా అందింది కూడా. వాళ్ల అక్క గబగబా వచ్చి తీసేసుకుంది. "నువ్వు ముట్టుకోవద్దు. ముట్టుకుంటే షాక్ కొడుతది" అంది. తిట్టినట్టు అనలేదు. పొయ్యి దగ్గర చంటిపిల్లకు చెప్పినట్టు అంది. నేను నమ్మాను. వాళ్లకెందుకు కొట్టదో అడగాలని తోచలేదు. ఇంటికొచ్చి అమ్మకు చెప్తే అమ్మ ఏమీ అనకుండా నా చేతులు పట్టుకుని చూసింది, నిజంగానే ఏమన్నా అయిందేమో అన్నట్టు. తొమ్మిదో తరగతి సైన్సు ప్రాక్టికల్లో వైర్లు పట్టుకోమంటే పక్క పిల్లతో పట్టించి నేను రీడింగులు రాసుకున్నాను. సాహిత్యంలోకి ఎందుకొచ్చారు మేడమ్ అని ఇంటర్వ్యూల్లో అడిగితే గొప్ప గొప్ప కారణాలు చెప్తుంటాను. ఇది కూడా ఒకటి, ఎక్కడా చెప్పలేదు.

సరే, పార్టులు. చిట్టీ పాట పాడితే చేతికి లక్షా చిల్లర వచ్చింది. మా అన్న కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, నా దగ్గరే ఉంటాడు. అత్తా అత్తా అంటూనే అన్నిట్లో అడ్డం తిరుగుతాడు. నెల రోజులు రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాం. బ్రాండ్ సిస్టమ్ ఎందుకు కొనలేదంటే, అదే ధరకు వాళ్లు ఎస్ఎంపీఎస్ దగ్గరా బోర్డు దగ్గరా పైసలు మిగుల్చుకుంటారు. లోపల ఏముందో మనకు అర్థం కూడా కాదు. నాకు అర్థం కావాలి.

మొదటి కొట్లాట ప్రాసెసర్ దగ్గర. వాడు రైజెన్ 5 7600 అన్నాడు. ఆ ఏఎమ్5 సాకెట్ ఇంకా కొన్నేళ్లు నడుస్తుంది, రేపు ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే చాలు అని వాడి వాదన. వాదన మంచిదే. కానీ దానికి ర్యామ్ డీడీఆర్5 తప్ప ఎక్కదు. అప్పటి ధరల్లో బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ కలిపితే మా లెక్క దాటిపోయింది. ఇంటెల్ ఐ5-12400కి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, డీడీఆర్4 బోర్డు సరిపోతుంది. దాని మీదే ఖాయం చేశాం.

ఇక్కడ ఒక్క అక్షరం గురించి చెప్పాలి. ప్రతి దుకాణంలోనూ ఆ అక్షరాన్ని నాకు అంటగట్టాలని చూశారు. 12400 వేరు, 12400ఎఫ్ వేరు. ఎఫ్ అని ఉంటే లోపలి గ్రాఫిక్స్ ఉండదు, మూడు నాలుగు వేలు తక్కువకు వస్తుంది. "కార్డు వేస్తున్నరు కదా మేడమ్, ఇంక అది దేనికి?" అంటారు. దేనికంటే, కార్డు చెడిపోయి వారంటీకి పోతే వచ్చేదాకా మెషీన్ నల్లగా కూర్చోకుండా, మానిటర్ కేబుల్ బోర్డుకు పెట్టుకుని పని చేసుకోవచ్చు. ఇంకోటి, నా స్నేహితురాలి కెమెరా 10 బిట్ 4:2:2 రకం హెచ్.265లో తీస్తుంది. ఆ ఫైలును విప్పి చూపించడం అప్పటి ఎన్విడియా కార్డులకు చేతకాదు, 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే ఆ పని చేతనైంది. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌కి అది ముందు నుంచీ వచ్చు. ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఆ సదుపాయాన్ని వాడుకోవు, అది వేరే గోల.

విద్యార్థులు ముఖ్యంగా ఇది పట్టుకోండి. ఎఫ్ లేని ప్రాసెసర్ కొంటే గ్రాఫిక్స్ కార్డు లేకుండానే మొదలుపెట్టొచ్చు. చిన్న వీడియోలు కోసుకోవచ్చు, పాత గేములు ఆడుకోవచ్చు. పైసలు కూడినప్పుడు కార్డు గుచ్చుకోవచ్చు. దీనికోసం అప్పు చేయొద్దు.

కార్డు దగ్గర మాత్రం మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. వాడికి ఆర్‌టీఎక్స్ 4060 కావాలి. కొత్తది, 2023లో వచ్చింది, 115 వాట్లతో నడుస్తుంది, గేముల్లో పాతదానికన్నా వేగం. మధ్యలో లేని ఫ్రేములను పుట్టించి ఆట నునుపుగా నడిపే విద్య దానికే ఉంది. నేను ఆర్‌టీఎక్స్ 3060 అన్నాను. 2021ది, 170 వాట్లు తింటుంది. కానీ 4060లో మెమరీ 8 జీబీ, నేను చూసిన 3060లో 12 జీబీ. అదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, పెట్టె మీద చూసి తీసుకోవాలి. గేము ఆడేవాడికి వేగం కనిపిస్తుంది. నాలుగు వరుసల వీడియో ఒకదాని మీద ఒకటి పెట్టి రంగులు సరిచేస్తుంటే మాత్రం, కార్డు మెమరీ నిండిపోయిందని సాఫ్ట్‌వేర్ ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. మూడు వేల తేడా కూడా 3060 వైపే ఉంది. ఆడుకోవడం మాత్రమే అయితే వాడిదే రైటు. చిట్టీ నాది కాబట్టి నేను గెలిచాను. ఇది న్యాయమైన గెలుపు కాదని వాడు ఇప్పటికీ అంటాడు.

ఒక దుకాణంలో సగం ధరకు పాత కార్డు చూపించారు. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్ పద్ధతి మానేశాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చాయి. అన్నీ చెడ్డవని కాదు. బిల్లు లేని, వారంటీ లేని దాన్ని నమ్మే ధైర్యం నాకు లేదు. చెడిపోతే ఇంకోటి కొనే ఇల్లు కాదు మాది.

ర్యామ్ 16 చొప్పున రెండు, మొత్తం 32 జీబీ. బోర్డు బీ760. ఇంకా చవకగా హెచ్610 ఉంది గానీ, దాంట్లో ఎక్కువ వాటికి ర్యామ్ గదులు రెండే. సాఫ్ట్‌వేరుకూ నడుస్తున్న పనికీ 1 టీబీ ఎన్‌వీఎంఈ, దాచుకోవడానికి 4 టీబీ హార్డ్ డిస్కు. పాత డిస్కులు రెండూ ఉంచాను, ఒకటి మా ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో స్నేహితురాలి ఇంట్లో. ఒక్క డిస్కులో ఉన్న రికార్డింగు లేనట్టే లెక్క పెట్టుకోండి. నేను ఒకసారి ఒక డక్కలి తాత పాటను అట్లా పోగొట్టుకున్నాను. రెండోసారి పోయేసరికి ఆయన లేడు.

ఎస్ఎంపీఎస్ గురించి ఎవరూ ఆసక్తిగా మాట్లాడరు. వంటింట్లో సిలిండర్ లాంటిది అది, పేలితే తప్ప గుర్తుకురాదు. కేబినెట్‌తో పాటు ఉచితంగా వస్తుందని ఒకతను పేరూ ఊరూ లేని డబ్బా చూపించాడు, మీద 500 వాట్లు అని స్టిక్కరు. చేత్తో ఎత్తితే దూదిలా ఉంది. మేం 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్న 650 వాట్లది వేరుగా కొన్నాం. మా టౌన్లో ఎండాకాలం కరెంటు ఎట్లా పోయి ఎట్లా వస్తుందో తెలిసిందే కాబట్టి 1 కేవీఏ యూపీఎస్ కూడా.

ఇవన్నీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్లో తిరిగి కొన్నాం. అల్లుడు ముందు, నేను వెనక. ప్రశ్న నేను అడిగితే జవాబు వాడికి చెప్పేవాళ్లు. "బాబుకా మేడమ్? మీకైతే ల్యాప్‌టాప్ చాలు కదా." ఒకచోట బిల్లు వద్దంటే తగ్గిస్తానన్నాడు. 18 శాతం జీఎస్టీ మరి, మనసు లాగుతుంది. కానీ సీరియల్ నంబరు పడ్డ బిల్లు లేకపోతే వారంటీ కాగితం దేనికీ పనికిరాదు. బిల్లు మీదకు పూర్తి పేరు అడిగాడు. ఇంటిపేరుతో సహా చెప్పాను. పెన్ను ఒక్క క్షణం ఆగింది. నా అనుమానమే అయి ఉండొచ్చు, స్పెల్లింగు కోసం కూడా ఆగి ఉండొచ్చు. ఇట్లాంటి అనుమానాలకు వారంటీ ఉండదు.

మానిటర్ దగ్గర గంటన్నర పట్టింది. అల్లుడికి వంగిన మానిటర్ మీద మనసు, 165 హెర్ట్జ్. దుకాణంలో అన్ని మానిటర్ల మీదా ఒకటే వీడియో తిరుగుతోంది. రామచిలకలు, పూలు, కోసిన పండ్లు. అట్లాంటి వీడియోలో ఏ మానిటరైనా అందంగానే ఉంటుంది. నేను బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఇది పెట్టండి అన్నాను. ఇరవై సెకన్ల ముక్క. పెద్దవ్వ వేపచెట్టు నీడలో కూర్చుని ఉంటుంది, ఆకుల సందుల్లోంచి ఎండ ఆమె మీద కదులుతుంటుంది. స్టూడియో పిల్లవాడు ముట్టుకోని అసలు ఫైలు అది. సేల్స్ అతను ముందు విసుక్కున్నాడు, తర్వాత వరసగా ఎనిమిదింటి మీద పెట్టాడు.

ఆఫీసులకు అమ్మే చవక మానిటర్ మీద పెద్దవ్వ ముఖం కాటుక ముద్దలా ఉంది. కళ్లున్నాయి, ముఖం లేదు. ఇంకోదాని మీద ఎర్రగా కాలినట్టుంది. వంగిన మానిటర్ వీఏ ప్యానెల్ రకం. నలుపు చిక్కగా చూపిస్తుంది గానీ, నేను రెండడుగులు పక్కకు జరిగితే ఆమె ఛాయ మారిపోయింది. ఆరోది 24 అంగుళాల ఐపీఎస్. దాని మీద పెద్దవ్వ గదువ మీది పచ్చబొట్టు చుక్కలు కనిపించాయి. మూడు చుక్కలు. నేను ఆ వీడియో తీసినదాన్ని, వందసార్లు చూసినదాన్ని, నా పాత ల్యాప్‌టాప్ మీద ఎన్నడూ ఆ చుక్కలు చూడలేదు. చిన్నప్పుడు ఆమె ఒళ్లో కూర్చుని వేలితో లెక్కపెట్టినవి.

సేల్స్ అతను, "ఎవరు మేడమ్?" అన్నాడు. మా పెద్దవ్వ అన్నాను. అతను ఒక నిమిషం చూసి, తనంతట తానే మెనూలోకి పోయి వెలుతురు తగ్గించి, రంగుల మోడ్ మార్చాడు. చుక్కలు ఇంకా తేటపడ్డాయి. "మా నాయినమ్మకు చేతుల నిండ ఉండేయి" అన్నాడు. ఆ తర్వాత మమ్మల్ని ల్యాప్‌టాప్ తీసుకొమ్మని అనలేదు.

మీరు కొనేటప్పుడు పెట్టె మీద చూడాల్సింది ఇది: ఎస్ఆర్‌జీబీ 99 శాతం అనో, ఎన్‌టీఎస్‌సీ 72 శాతం అనో ఉండాలి, రెండూ దాదాపు ఒకటే. ఎన్‌టీఎస్‌సీ 45 శాతం అని ఉంటే వద్దు. దానికన్నా ముందు, మీ ఇంటి మనిషి ముఖం ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోండి.

లెక్క: ప్రాసెసర్ 15,000, కార్డు 26,000, బోర్డు 11,000, ర్యామ్ 6,500, ఎన్‌వీఎంఈ 6,000, హార్డ్ డిస్కు 9,500, ఎస్ఎంపీఎస్ 5,000, కేబినెట్ 4,000, మానిటర్ 11,000, యూపీఎస్ 5,000, కీబోర్డూ మౌసూ 1,200. మొత్తం 1,00,200. ఇవి 2024 మే నెలలో మేం పెట్టిన ధరలు. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, ఈ లెక్క పట్టుకుని ఇప్పుడు దుకాణానికి పోతే కొట్లాట అవుతుంది.

దుకాణంలో బిగించి ఇస్తామన్నారు. వద్దన్నాను. ఇంట్లో టేబుల్ మీద అట్ట పరిచి, పార్టులన్నీ పెట్టి, పుస్తకం తెరిస్తే మొదటి పేజీలోనే ఉంది: చిప్పులు ముట్టుకునే ముందు ఇనుము ముట్టుకోండి. మన ఒంట్లో పేరుకున్న స్టాటిక్ కరెంటు వేలి కొస నుంచి చిప్పులోకి దూకితే, మనకు తెలియకుండానే అది చచ్చిపోవచ్చట. కేబినెట్ రేకును ముట్టుకుంటే ఆ కరెంటు దిగిపోతుంది. నేను చదివి నవ్వుతుంటే అల్లుడికి అర్థం కాలేదు. ముట్టుకుంటే షాక్ కొట్టే మాట నిజమే. కొట్టేది నేను, తగిలేది దానికి.

ప్రాసెసర్‌ని అంచులు పట్టుకుని నేనే పెట్టాను. బోర్డు మీది సాకెట్‌లో వెంట్రుకల్లాంటి పిన్నులు 1700 ఉంటాయి, వాటిని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. మూలన ఉన్న బంగారు మూడుకోణాల గుర్తు కలిపి వదిలితే తనే కూర్చుంటుంది. తర్వాత పక్కన ఉన్న కడ్డీని కిందికి నొక్కాలి. కరకరమని ఏదో విరుగుతున్నట్టు చప్పుడొస్తుంది. చెమటలు పట్టాయి. అంత బలం పెట్టడమే పద్ధతి అని తర్వాత తెలిసింది. ర్యామ్‌లు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో గదిలో, నాలుగో గదిలో పెట్టాం.

స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, మానిటర్ మీద ఏమీ రాలేదు. రెండు గంటలు అన్నీ ఊడదీసి మళ్లీ పెట్టాం. అమ్మ గుమ్మంలో కూర్చుని, "లచ్చ రూపాయలు" అని ఒకసారి అని ఊరుకుంది. అల్లుడు ఏడుపు ముఖం పెట్టాడు. చివరికి బోర్డు పై మూలన, ఫ్యాన్ వెనక, ప్రాసెసర్‌కి కరెంటిచ్చే ఎనిమిది పిన్నుల కేబుల్ పెట్టలేదని తేలింది. ఆ వైరు నా చేత్తోనే గుచ్చాను. బొమ్మ వచ్చింది. మీది కూడా అట్లా ఆగితే ముందు ఆ మూల చూడండి.

మొదటి వారం పెద్దవ్వతోనే కూర్చున్నాను. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ వాడుతున్నా, మన పనికి చాలినంత ఉంది. వీడియోలు బరువనిపిస్తే ప్రాక్సీలు చేసుకోండి. చిన్న సైజు నకళ్లతో కోసుకుని, చివర్న అసలు ఫైళ్లతో బయటికి తీయడమన్నమాట. ఫోనుతో తీసిన డప్పు వీడియోల్లో ఒక చిక్కు వచ్చింది. మొదట్లో బాగానే ఉండి, పది నిమిషాలు గడిచేసరికి చెయ్యి ఒకచోట, దరువు ఒకచోట. ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని ఖాయంగా తీయవు, వెలుతురును బట్టి పెంచుతూ తగ్గిస్తూ తీస్తాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకున్నాక దరువు చేతికి అందింది.

పెద్దవ్వ ముఖానికి ఏమీ చేయలేదు. వెనకాల ఎండలో మెరుస్తున్న గోడను మాత్రం కొంచెం తగ్గించాను. పదకొండు సెకన్లూ ఉన్నాయి. ఆ సెకన్లలో ఎక్కడో గొర్రె అరుస్తుంది, అది కూడా ఉంది.

ఆటల విషయానికొస్తే, సంఘంలో ఒక పెద్దన్నకు ముందే చెప్పాను. "ఇన్ని పనులుండంగ ఆటలేంది చెల్లే" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు, జైలుకు పోయొచ్చిన మనిషి. నేను జవాబు చెప్పలేకపోయాను. ఫోన్ పెట్టేశాక, పెద్దవ్వ పచ్చీసులో తొండి చేసేదని గుర్తొచ్చింది. రోజంతా నాటు వేసి వచ్చి, నడుము పట్టుకుపోయి కూడా, దీపం ముందు గవ్వలు వేసేది. ఆమెను ఎవరూ ఎందుకు ఆడుతున్నవని అడగలేదు. అది కూడా ఆ గంటా నలభై నిమిషాల్లో ఉంది. అప్పట్లో దాన్ని నేను థీసిస్‌లోకి తీసుకోలేదు, పనికిరాని ముచ్చట అనుకుని.

26,000 కార్డు కొని నేను మొదట ఆడింది స్టార్‌డ్యూ వ్యాలీ. అల్లుడు తల పట్టుకున్నాడు, ఎందుకంటే అది పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. 2016లో వచ్చింది. ఎరిక్ బరోన్ అని ఒక్కడే బొమ్మలు, పాటలు, ప్రోగ్రామింగు అన్నీ ఏళ్ల తరబడి కూర్చుని చేశాడు. ఆట మొదట్లోనే మంచం మీద ముసలి తాత మన చేతికి ఒక కవరు ఇస్తాడు. కొన్నేళ్లకు తెరిచి చూస్తే, ఊళ్లో తన పొలం మన పేరున రాసి ఉంటుంది. నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవరిదే ఆ పొలం?"

"నాదే. తాత ఇచ్చిండు."

"మీ తాతకెక్కడిదే పొలం?" అని, కాసేపు చూసి, "పట్టా అయిందా?" అంది.

అయిందన్నాను. పొలం నిండా రాళ్లు, మొద్దులు, పిచ్చి గడ్డి. ఊరి పెద్ద ఇచ్చిన పదిహేను విత్తనాలు ఉన్నాయి. నేను తొందరపడి ఇంటి ముందు ఇంత జాగా తవ్వి విత్తబోతుంటే అమ్మ మానిటర్ మీదికి వంగి, ఒక మూలను వేలితో చూపించింది.

"ఆ రాళ్లు ఏరకుండ ఎవరన్న ఇత్తు పెడతరా? ముందు అటు పో."

పోయాను.